ట్రక్కు మీద క్యాంపర్ ఎక్కించాక టైర్లలో ఎంత గాలి ఉండాలి: తూకం నుంచి గేజ్ దాకా

వేసవి సెలవులు దగ్గరపడగానే ఫోన్లో ఒకే ప్రశ్న. "అన్నా, రేపు క్యాంపర్ ఎక్కిస్తున్నాం, టైర్లలో ఎంత పెట్టమంటావు?" నేను తిరిగి అడిగేదీ ఒకటే. "తూకం వేయించావా?" చాలామంది వేయించి ఉండరు. ఒక్కో టైరు మీద ఎంత బరువు పడుతోందో తెలియకుండా నేను ఏ నంబర్ చెప్పినా అది ఊహే అవుతుంది. ఆ ఊహ మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని వెయ్యి మైళ్ళు వెళ్ళమని చెప్పడం నావల్ల కాదు.

ఇక్కడ రాస్తున్నది అమెరికాలో పికప్ ట్రక్కు బెడ్‌లో, అంటే వెనక సామాను పెట్టే చోట, కూర్చోబెట్టే స్లయిడ్-ఇన్ క్యాంపర్ గురించి. పడుకోవడానికి, వండుకోవడానికి వీలుండే చిన్న గది లాంటిది అది. వెనక తగిలించి లాక్కెళ్ళే ట్రైలర్ లెక్క వేరు. దాని టైర్లు వేరు, పట్టికలూ వేరు.

మేం డల్లాస్ పక్కన ఉంటాం. నా దగ్గరున్నది పాత షెవ్రొలె సిల్వరాడో 2500హెచ్‌డీ, దాని మీద పైకప్పు పైకి లేచే పాప్-అప్ క్యాంపర్. ఉదాహరణల్లో నా బండి అంకెలే ఇస్తున్నాను. పద్ధతి అదే ఉంచి మీ బండి అంకెలు వేసుకోండి.

## 1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- కనీసం 100 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా చూపించే మంచి గేజ్. కార్లకి అమ్మే 60 పీఎస్ఐ గేజ్‌తో ఈ పని అవ్వదు.
- 80 పీఎస్ఐ వరకు ఎక్కించగల కంప్రెసర్. బ్యాటరీకి నేరుగా క్లిప్పులు తగిలించేది తీసుకోండి. సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే చిన్నవి పెద్ద టైరు దగ్గర ఆయాసపడతాయి, ఒక్కోసారి ఫ్యూజ్ కూడా పోతుంది.
- ట్రక్కు ఓనర్స్ మాన్యువల్. అందులో స్లయిడ్-ఇన్ క్యాంపర్ గురించి విడిగా భాగం ఉందేమో చూడండి.
- మీ టైరు సైజుకి, లోడ్ రేంజ్‌కి (టైరు ఎంత గాలి, ఎంత బరువు తట్టుకోగలదో చెప్పే అక్షరం) సరిపోయే లోడ్-ప్రెషర్ పట్టిక. పెద్ద టైర్ల కంపెనీలు దీన్ని ఉచితంగా ఇస్తాయి.
- ఒక చిన్న నోటుబుక్కు, పెన్ను. ఫోన్లో రాసుకున్నా ఫరవాలేదు గానీ, గ్లవ్ బాక్స్‌లో ఉన్న పుస్తకం ఇంట్లో అందరికీ దొరుకుతుంది.

పెట్రోల్ బంకులో కొట్టించుకుందాంలే అనుకోకండి. అక్కడి మెషీన్లు చాలావరకు కార్ల కోసం పెట్టినవి, 80 దాకా ఎక్కవు. పైగా అక్కడికి చేరేసరికి టైరు వేడెక్కి ఉంటుంది. పెద్ద ట్రక్ స్టాపుల్లో ఎక్కువ ప్రెషర్ గాలి దొరుకుతుంది. అయినా ఇంటి దగ్గర, పొద్దున్నే, సొంత కంప్రెసర్‌తో పెట్టుకోవడమే మేలు.

## 2. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ చదవండి

డ్రైవర్ తలుపు తెరిస్తే ఫ్రేమ్ మీద స్టిక్కర్ కనిపిస్తుంది. అందులోంచి ఇవి రాసుకోవాలి.

- జీవీడబ్ల్యూఆర్: బండి, మనుషులు, క్యాంపర్, సామాను అన్నీ కలిపి ఉండదగిన గరిష్ఠ బరువు. నా ట్రక్కుకి 9,200 పౌండ్లు.
- జీఏడబ్ల్యూఆర్: ముందు యాక్సిల్ (ఇరుసు), వెనక యాక్సిల్ విడివిడిగా మోయగల బరువు. నా వెనక యాక్సిల్‌కి 6,084 పౌండ్లు.
- టైరు సైజు, ప్రెషర్: ఫ్యాక్టరీ నుంచి వచ్చిన సైజు, ముందుకి ఎంత, వెనక్కి ఎంత. నా బండికి ముందు 55, వెనక 80.

6,084 అనే ఆ అంకె చూడండి. నా బండికి ఫ్యాక్టరీలో వేసిన టైరు 80 పీఎస్ఐ దగ్గర మోసేది 3,042 పౌండ్లు. రెండు టైర్లకి కలిపితే సరిగ్గా 6,084. అంటే వెనక యాక్సిల్ రేటింగ్ ఆ టైర్లు, ఆ ప్రెషర్ ఉంటేనే చెల్లుతుంది. గాలి తగ్గితే స్టిక్కర్ మీద అంకె అలాగే ఉంటుంది, మోసే శక్తి మాత్రం తగ్గిపోతుంది. వెనక సస్పెన్షన్‌కి అదనంగా స్ప్రింగులు, ఎయిర్ బ్యాగులు వేయించినా ఈ రేటింగ్ పెరగదు. అవి వెనక భాగం కుంగకుండా ఆపుతాయి, టైరు మీద పడే బరువు అంతే ఉంటుంది.

హాఫ్-టన్ ట్రక్కు, అంటే తేలిక తరగతి పికప్, ఉన్నవాళ్ళకి ఒక మాట. పసుపు, తెలుపు రంగుల్లో ఉండే టైరు-లోడింగ్ స్టిక్కర్ మీద మనుషులు, సామాను కలిపి ఎంత దాటకూడదో పౌండ్లలో ఉంటుంది. క్యాంపర్, నలుగురు మనుషులు, నీళ్ళు కలిపి ఆ అంకె దాటుతుంటే గాలి ఎంత పెట్టినా ఆ బండి మీద ఆ క్యాంపర్ ఎక్కించకండి.

## 3. టైరు సైడ్‌వాల్ చదవండి

టైరు పక్కన వంగి కూర్చుని, సైడ్‌వాల్‌ని, అంటే టైరు పక్క గోడని, తడిగుడ్డతో తుడిచి చూడండి. నా టైరు మీద ఇలా ఉంటుంది: ఎల్‌టీ245/75ఆర్16, లోడ్ రేంజ్ ‘ఇ’, సింగిల్ గరిష్ఠ లోడ్ 3,042 పౌండ్లు, 80 పీఎస్ఐ, కోల్డ్.

దీన్ని చాలామంది "ఈ టైరులో 80 పెట్టాలి" అని చదువుతారు. అక్కడ రాసి ఉన్నది వేరు. టైరు చల్లగా ఉన్నప్పుడు 80 పెడితే 3,042 పౌండ్లు మోయగలదు అని. 80 కంటే తక్కువ పెడితే ఎంత మోస్తుందో సైడ్‌వాల్ చెప్పదు, దానికే పట్టిక.

వెనక రెండేసి టైర్లుండే డ్యూయలీ అయితే "డ్యూయల్" అని రాసిన చిన్న అంకె తీసుకోవాలి. జంటగా ఉన్నప్పుడు ఒక్కో టైరు మోసేది సింగిల్ కంటే తక్కువ.

టైరు ముందు కూర్చున్నప్పుడే ఇవి కూడా చూసేయండి.

- పేరు ముందున్న అక్షరాలు. ‘ఎల్‌టీ’ ఉంటే లైట్ ట్రక్ టైరు. ‘పీ’ ఉంటే కార్ల తరహా టైరు, దాన్ని ట్రక్కుకి వాడితే రాసి ఉన్న లోడ్‌ని 1.10తో భాగించి వచ్చినంతే లెక్కలోకి తీసుకోవాలి.
- తయారైన తేదీ. ‘డాట్’ అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు. 2319 అంటే 2019లో 23వ వారం. ట్రెడ్ (రోడ్డుని తాకే గాళ్ళ భాగం) ఎంత బాగున్నా, బాగా పాతబడిన టైర్ల మీద క్యాంపర్ ఎక్కించను.
- వాల్వ్. కార్లకి వేసే మామూలు రబ్బరు వాల్వ్ 65 పీఎస్ఐ దాకే పనికొస్తుంది. 80 పెట్టేవాళ్ళకి హై-ప్రెషర్ వాల్వ్ గానీ మెటల్ వాల్వ్ గానీ ఉండాలి. టైర్లు మార్పించేటప్పుడు నోరు తెరిచి అడగండి.
- రిమ్. బయట కొన్న అల్లాయ్ రిమ్‌లకి కూడా లోడ్ రేటింగ్ ఉంటుంది, చాలావాటికి లోపలి వైపు అచ్చు వేసి ఉంటుంది. టైరు 3,042 మోసినా రిమ్ 2,600 దగ్గర ఆగిపోతే మీ లెక్క 2,600తోనే.

## 4. తూకం వేయించండి

ఇదే అసలు పని. దీన్ని దాటేసి మిగతావన్నీ ఎంత శ్రద్ధగా చేసినా ప్రయోజనం లేదు.

క్యాంపర్ మీద కంపెనీ అంటించిన బరువు ఖాళీ క్యాంపర్‌ది. మన బండి ఖాళీగా ఎప్పుడు వెళ్ళింది? 30 గ్యాలన్ల నీళ్ళ ట్యాంకు నిండితే 250 పౌండ్లు. గ్యాస్ నిండిన 20 పౌండ్ల ప్రొపేన్ సిలిండర్ ఒక్కోటి సుమారు 37 పౌండ్లు, రెండు పెడతారు. ఆపైన బ్యాటరీలు, జెనరేటర్, కుర్చీలు, పిల్లల సైకిళ్ళు. సోనా మసూరి 20 పౌండ్ల బస్తా, రైస్ కుక్కర్, కుక్కర్, పచ్చళ్ళ సీసాలు, రెండు కూలర్లు. మాకైతే వంట సామాను ఒక్కటే వందకి పైగా వచ్చింది. మా ఆవిడ ఒక్కో పెట్టె బాత్రూం తూకం మీద పెట్టి రాస్తే గానీ నాకు నమ్మకం కుదరలేదు.

ఎక్కడ: హైవేల పక్కన పెద్ద ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ ఉంటుంది. మన ఊళ్ళో ధాన్యం లారీలు ఎక్కే వే బ్రిడ్జి లాంటిదే, కాకపోతే పలకలు విడివిడిగా ఉంటాయి కాబట్టి ఒక్కో యాక్సిల్ బరువు వేరుగా వస్తుంది.

ఎలా:

1. ప్రయాణానికి వెళ్ళేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే సర్దండి. ఇంధనం ట్యాంకు నిండుగా, నీళ్ళు నిండుగా, మనుషులందరూ లోపల.
2. నెమ్మదిగా స్కేల్ ఎక్కి ముందు చక్రాలు మొదటి పలక మీద, వెనక చక్రాలు రెండో పలక మీద ఉండేలా ఆపండి. చక్రం రెండు పలకల మధ్య గీత మీద ఉండకూడదు. అద్దంలోంచి సరిగ్గా తెలియకపోతే ఒకరు దిగి చూసి మళ్ళీ ఎక్కాలి.
3. స్తంభం మీదున్న బటన్ నొక్కి, మొదటిసారి తూకం అని చెప్పండి. ఆ బటన్ పెద్ద లారీల ఎత్తుకి పెడతారు, పికప్ కిటికీలోంచి అందకపోవచ్చు. "వెయ్ మై ట్రక్" యాప్ ఉంటే ఫోన్లోనే అయిపోతుంది.
4. చీటీ తీసుకోండి. స్టీర్ యాక్సిల్ అంటే ముందుది, డ్రైవ్ యాక్సిల్ అంటే వెనకది, చివర మొత్తం.
5. వీలైతే క్యాంపర్ లేకుండా ఖాళీ ట్రక్కుని కూడా ఇంకో రోజు తూచండి. రెండు చీటీల తేడానే మీరు నిజంగా మోస్తున్న బరువు. 24 గంటల్లోపు అదే చోట మళ్ళీ తూచితే ఫీజు బాగా తక్కువ. నీళ్ళు పారబోసి, సామాను మార్చి ఎంత తగ్గిందో చూసుకోవడానికి అది పనికొస్తుంది.

లారీ డ్రైవర్లు వెనక నిలబడి ఉంటారని టెన్షన్ పడకండి. మొత్తం ఐదు నిమిషాల పని. చీటీ లోపలికి వెళ్ళి తీసుకోవాలంటే ముందు బండిని స్కేల్ మీంచి దించి పక్కన పెట్టండి.

నా చీటీ ఇలా వచ్చింది.

- ముందు యాక్సిల్: 3,960 పౌండ్లు
- వెనక యాక్సిల్: 5,040 పౌండ్లు
- మొత్తం: 9,000 పౌండ్లు

మొత్తం 9,200 లోపే ఉంది, వెనక 6,084 లోపే ఉంది. ఈ రెండింట్లో ఏ ఒక్కటి దాటినా ఇక్కడే ఆగి బరువు తగ్గించాలి. ఐదో మెట్టుకి వెళ్ళకూడదు.

కుడి, ఎడమ తేడా. యాక్సిల్ బరువుని రెండుతో భాగిస్తే వచ్చేది సగటు. క్యాంపర్‌లో ఫ్రిజ్, స్టవ్ ఒక పక్కన, నీళ్ళ ట్యాంకు ఇంకో పక్కన ఉంటాయి. రెండు వైపులా సమానంగా పడే బండిని నేనింకా చూడలేదు. చక్రం చక్రానికీ విడిగా తూచే సంస్థలు ఆర్‌వీ సభల దగ్గర, కొన్ని క్యాంపుల్లో ఉంటాయి. ఆ అవకాశం దొరికితే వదులుకోకండి. దొరక్కపోతే సగటుకి కనీసం 5 శాతం కలిపి, దాన్నే బరువైన వైపుగా తీసుకోండి. నా వెనక సగటు 2,520. ఐదు శాతం కలిపితే 2,646. నా లెక్క ఈ అంకెతోనే.

## 5. పట్టిక చూసి ప్రెషర్ ఎంచుకోండి

పట్టికలో మీ టైరు సైజు వరస పట్టుకోండి. పైన ప్రెషర్లు, కింద ఆ ప్రెషర్ దగ్గర ఒక్కో టైరు మోసే బరువు ఉంటాయి. నా సైజు ఎల్‌టీ245/75ఆర్16, సింగిల్:

- 50 పీఎస్ఐ దగ్గర 2,205 పౌండ్లు
- 65 పీఎస్ఐ దగ్గర 2,623 పౌండ్లు
- 80 పీఎస్ఐ దగ్గర 3,042 పౌండ్లు

మీ బరువైన టైరు మీద పడే అంకెకి సమానంగా గానీ ఎక్కువగా గానీ ఉన్న గడి దాకా వెళ్ళాలి. దగ్గరగా ఉంది కదా అని కింది గడి దగ్గర ఆగకూడదు. నా 2,646 చూడండి. 65 దగ్గర 2,623 ఉంది, ఇరవై మూడు పౌండ్లే తేడా. అయినా 65 చాలదు. సగటు 2,520 ఒక్కటే చూసుకుని ఉంటే 65 బ్రహ్మాండంగా సరిపోతుందని అనుకునేవాణ్ణి. ఐదు శాతం కలపడం ఎందుకో ఇక్కడ తెలుస్తుంది.

ఇక్కడి నుంచి మీ పరిస్థితిని బట్టి మూడు దారులు.

ఫ్యాక్టరీ సైజు, ఫ్యాక్టరీ లోడ్ రేంజ్ టైర్లే ఉంటే: క్యాంపర్ ఎక్కించినప్పుడు తలుపు స్టిక్కర్ మీది ప్రెషరే పెట్టండి. పట్టిక ప్రకారం 70 సరిపోతుందేమో అనిపించినా, బరువుతో ఉన్నప్పుడు స్టిక్కర్ కంటే కిందికి నేను దిగను. ఇక్కడ పట్టిక పని సరిచూడటం: ఆ ప్రెషర్ దగ్గర నా బరువైన టైరు సురక్షితంగా ఉందా? 80 దగ్గర 3,042, నాకు కావలసింది 2,646. దాదాపు 400 పౌండ్ల వెసులుబాటు. ముందు ఒక్కో టైరు మీద 1,980, ఐదు శాతం కలిపితే 2,079. 50 దగ్గరే 2,205 మోస్తుంది, స్టిక్కర్ 55 అంటోంది. రెండూ సరే.

టైరు సైజు మార్చి ఉంటే: స్టిక్కర్ మీది ప్రెషర్ పాత సైజుకి లెక్కగట్టింది. కొత్త సైజు వరసలో, పాత టైరు స్టిక్కర్ ప్రెషర్ దగ్గర ఎంత మోసేదో అంత మోసే ప్రెషర్ వెతకాలి. నా మిత్రుడు ఇదే ట్రక్కుకి ఎల్‌టీ265/75ఆర్16, లోడ్ రేంజ్ ‘ఇ’ వేయించాడు. ఆ టైరు 80 దగ్గర 3,415 పౌండ్లు మోస్తుంది. అతనికి కావలసింది 3,042, కాబట్టి 80 కంటే కొంచెం తక్కువలోనే పట్టిక అతనికి గడి చూపిస్తుంది. పెద్ద టైరు వేయించి, స్టిక్కర్ మీదిదే కళ్ళు మూసుకుని పెట్టడమూ సరికాదు, "పెద్ద టైరు కదా" అని 50కి దించడమూ సరికాదు.

లోడ్ రేంజ్ తగ్గించి ఉంటే: సైజు అదే, మెత్తగా నడుస్తుందని లోడ్ రేంజ్ ‘సి’ టైర్లు వేయించుకున్నవాళ్ళని చూశాను. ‘సి’ గరిష్ఠం 50 పీఎస్ఐ, 2,205 పౌండ్లు. రెండింటికీ కలిపి 4,410. నా వెనక యాక్సిల్ మీద 5,040 ఉంది. ఇక్కడ గాలితో చేయగలిగింది ఏమీ లేదు, టైర్లు మార్చాల్సిందే.

హాఫ్-టన్ ట్రక్కుకి ‘పీ’ టైర్లు తీసేసి ‘ఎల్‌టీ’ వేయించేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఒకే ప్రెషర్ దగ్గర ఎల్‌టీ టైరు, దాదాపు అదే సైజు పీ టైరు కంటే తక్కువ మోస్తుంది. గట్టి టైరు వేశాను కదా అని పాత 35 పీఎస్ఐ దగ్గరే వదిలేస్తే, మంచి కోసం చేసిన పని మోసే శక్తిని తగ్గిస్తుంది.

## 6. చల్లటి టైరులోనే గాలి పెట్టండి

పట్టికలూ స్టిక్కర్లూ చెప్పే ప్రెషర్ చల్లటి టైరుకి. అంటే బండి కనీసం మూడు గంటలు కదలకుండా ఉండాలి, లేదా ఒక మైలులోపు మెల్లగా నడిచి ఉండాలి.

1. పొద్దున ఎండ తగలకముందే మొదలుపెట్టండి. ఒక వైపు టైర్లు ఎండలో, ఒక వైపు నీడలో ఉంటే అంకెలు తేడాగా వస్తాయి.
2. నాలుగు టైర్లూ ముందు చూసి రాసుకోండి, తర్వాతే గాలి కొట్టండి. ఏది నెలనెలా ఎక్కువ దిగుతోందో ఈ రాతలోనే బయటపడుతుంది.
3. గేజ్‌ని వాల్వ్ మీద నిటారుగా, ఒక్కసారిగా నొక్కండి. బుస్సుమని చప్పుడు వస్తుంటే ఆ రీడింగ్ వదిలేసి మళ్ళీ చూడండి.
4. కంప్రెసర్ మీదుండే మీటర్‌ని నమ్మకండి. గొట్టం తీసేసి మీ గేజ్‌తోనే సరిచూడండి.
5. ఒకే యాక్సిల్ మీది రెండు టైర్లూ సమానంగా ఉంచండి. కుడి వైపు బరువు ఎక్కువైతే ఎడమ దానికి కూడా కుడిదానికి కావలసినంతే పెట్టాలి.
6. స్పేర్ టైరు మర్చిపోకండి. బండి కింద వేలాడే దాన్ని వంగి చూసేవాళ్ళు తక్కువ. దానికి వెనక టైర్ల ప్రెషరే పెట్టండి, ముందు వేయాల్సొస్తే తగ్గించడం తేలిక.
7. మూతలు బిగించండి. 80 పీఎస్ఐ దగ్గర వాల్వ్‌లో ఒక్క ఇసుక రేణువు చేరినా రాత్రికి రాత్రే గాలి దిగుతుంది.

చాలా ట్రక్కుల్లో టైరు ప్రెషర్ హెచ్చరిక లైటు స్టిక్కర్ ప్రెషర్ కంటే 25 శాతం తగ్గితేనే వెలుగుతుంది. 80కి 25 శాతం తగ్గితే 60. నా బరువుకి 65 కూడా చాలదని పైన చూశాం. కాబట్టి లైటు వెలగలేదంటే అంతా బాగుందని అర్థం కాదు. ఒక్కో టైరు అంకె డాష్‌బోర్డు మీద చూపించే బండి అయితే ఆ పేజీ తెరిచి ఉంచండి.

## 7. దారిలో వేడి, చలి, ఎత్తు

హైవే మీద గంట నడిచాక ప్రెషర్ పది, పదిహేను శాతం పెరగడం మామూలే. పొద్దున 80 పెట్టింది మధ్యాహ్నం 90 చూపిస్తే కంగారుపడి గాలి తీయకండి. తీస్తే మర్నాడు పొద్దున 70 దగ్గర ఉంటుంది, మళ్ళీ వేడెక్కుతుంది, ఈసారి ఎక్కువగా.

80 పీఎస్ఐ దగ్గర ఉన్న టైరులో ప్రతి 10 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి దాదాపు 2 పీఎస్ఐ తేడా వస్తుంది. కార్లకి చెప్పే 1 పీఎస్ఐ లెక్క ఇక్కడ చాలదు. ఎత్తుకి వెళ్తే గేజ్ కొంచెం ఎక్కువ చూపిస్తుంది, ప్రతి వెయ్యి అడుగులకి సుమారు అర పీఎస్ఐ.

డల్లాస్‌లో 90 డిగ్రీల ఉదయం 80 పెట్టి బయల్దేరాం అనుకోండి. రెండు రోజుల తర్వాత డెన్వర్‌లో, 5,280 అడుగుల ఎత్తున, పొద్దున 40 డిగ్రీలు. చలికి 8, 9 పీఎస్ఐ తగ్గుతుంది, ఎత్తుకి రెండు, రెండున్నర పెరుగుతుంది. గేజ్ 73, 74 దగ్గర ఆగుతుంది. అక్కడ, ఆ చల్లటి ఉదయం, మళ్ళీ 80కి తేవాలి. తిరిగి టెక్సస్ వేడిలోకి దిగాక ఒక చల్లటి ఉదయం చూసి ఎక్కువైనది తీసేయాలి. అందుకే క్యాంపర్‌తో ఉన్నన్నాళ్ళూ రోజూ పొద్దున ఒకసారి చూస్తాను, కాఫీ మరిగేలోపు అయిపోతుంది.

ఆగిన ప్రతిచోటా చేసే ఇంకో పని ఉంది. నాలుగు టైర్ల సైడ్‌వాల్స్ మీద అరచెయ్యి పెట్టి చూడండి. అన్నీ దాదాపు ఒకేలా వెచ్చగా ఉండాలి. ఎండ వైపువి కొంచెం ఎక్కువ ఉంటాయి. ఒకటి మాత్రం చెయ్యి ఆనించలేనంత కాలుతుంటే అక్కడే ఆగాలి.

అలా నేను ఆగాను. బిగ్ బెండ్ వెళ్తున్నాం, జూలై నెల, ఫోర్ట్ స్టాక్‌టన్‌కి ఇంకా ముప్పై మైళ్ళుంది. వెనక భాగం మెల్లగా ఊగుతోంది. ఈదురుగాలి అనుకున్నాను, చెట్టు లేని ఆ మైదానంలో ఎప్పుడూ ఈదురుగాలే. పక్కకి ఆపి చెయ్యి పెడితే కుడి వెనక టైరు భుజం దగ్గర అర క్షణం కూడా ఆనించలేకపోయాను. కాలిన రబ్బరు వాసన. వేడి మీదే గేజ్ 52 చూపించింది. వారం ముందు ఒక షాపులో కొత్త టైర్లు వేయించాను. నాలుగింటికీ ఒకేలా 45 కొట్టి పంపించారు, క్యాంపర్ ఎక్కించేముందు నేను సరిచూడలేదు. కొత్త టైర్లు కదా అన్న ధీమా.

ముప్పావు గంట చల్లారనిచ్చి, ఉన్న కంప్రెసర్‌తో ఎక్కించి, 45 మైళ్ళ వేగంతో ఊరు చేరాం. అక్కడ టైరు విప్పితే లోపల నల్లటి రబ్బరు పొడి రాలింది, లోపలి గోడ చుట్టూ నలిగిన గీత. బయటికి మాత్రం కొత్త టైరులా మెరుస్తోంది. ఆ టైరు పనికి రాదన్నారు, మార్చేశాను.

తక్కువ గాలితో, బరువుతో చాలాదూరం నడిచిన టైరుని మళ్ళీ గాలి కొట్టి వాడేయకూడదు. రిమ్ మీంచి తీయించి లోపల చూపించాలి.

## 8. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి దారి

"సైడ్‌వాల్ మీద 80 ఉంది కదా, నాలుగింటికీ 80." ముందు టైర్లకి అంత అవసరం లేకపోతే స్టీరింగ్ తేలిపోతుంది, తడి రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. ముందు యాక్సిల్ బరువుకి, స్టిక్కర్‌కి తగ్గట్టు పెట్టండి.

ఇంకొకరి నంబర్ వాడటం. ఆయన ట్రక్కు, ఆయన క్యాంపర్, ఆయన టైర్లు వేరు. అడిగితే పద్ధతి అడగండి.

టైర్ల షాపు నుంచి నేరుగా ప్రయాణం. షాపులో మీ బండి మీద క్యాంపర్ ఉంటుందని వాళ్ళకి తెలియదు. ఇంటికొచ్చి మర్నాడు పొద్దున మీ గేజ్‌తో చూడండి. చక్రాలు విప్పి బిగించాక 50 నుంచి 100 మైళ్ళలోపు లగ్ నట్లు మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి మళ్ళీ బిగించాలి.

సుద్దగీత పరీక్ష. ట్రెడ్ మీద అడ్డంగా సుద్దతో గీసి, కొంచెం నడిపి, గీత సమానంగా చెరిగిందా అని చూస్తారు. ఖాళీ ట్రక్కుకి అరుగుదల ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి బాగుంటుంది. క్యాంపర్ బరువుకి ఇది కొలమానం కాదు, అక్కడ పట్టికే.

ఊగుడంతా టైర్లలో గాలి వల్లే అనుకోవడం. ప్రెషర్ సరిగా ఉన్నా ఊగుతుంటే క్యాంపర్ బరువు కేంద్రం చూడండి. మాన్యువల్ చూపించిన చోటికి, మామూలుగా వెనక యాక్సిల్‌కి కొంచెం ముందుకి, అది రావాలి. క్యాంపర్ బెడ్‌లో ముందుకి ఆనిందా, కట్టిన టై-డౌన్లు బిగువుగా ఉన్నాయా చూసి, బరువైన పెట్టెలు ముందుకి, కిందికి మార్చండి.

డ్యూయలీలో లోపలి టైరు వదిలేయడం. బయటిది ఒక్కటే చూసేవాళ్ళు చాలామంది. లోపలిది దిగిపోతే బయటిదే మొత్తం మోస్తుంది, చూడటానికి మాత్రం రెండూ నిలబడే ఉంటాయి. ఎక్స్‌టెన్షన్ వాల్వులు పెట్టించుకుంటే చూడటం సులువు.

ఇసుకలో తగ్గించి మర్చిపోవడం. మట్టి దారిలో పట్టు కోసం గాలి తీసినవాళ్ళు తారు రోడ్డు ఎక్కేముందే తిరిగి ఎక్కించాలి. "తర్వాతి ఊళ్ళో చూద్దాం" అనుకుంటే ఆ ఊరు అరవై మైళ్ళు ఉంటుంది.

## 9. బయల్దేరే ఉదయం చెక్‌లిస్ట్

- [ ] నాలుగు టైర్లు, స్పేర్: చల్లగా చూశాను, రాసుకున్నాను
- [ ] బరువైన వైపు లెక్క ప్రకారం పట్టికలో సరిపోయింది
- [ ] స్టిక్కర్ కంటే తక్కువ లేదు, సైడ్‌వాల్, రిమ్ గరిష్ఠం దాటలేదు
- [ ] వాల్వ్ మూతలు బిగుతుగా ఉన్నాయి, సైడ్‌వాల్‌లో ఉబ్బు, పగులు లేవు
- [ ] పాత తూకం తర్వాత కొత్తగా ఎక్కించిన బరువు లేదు (ఉంటే దారిలో మొదటి ట్రక్ స్టాప్‌లో మళ్ళీ తూకం)
- [ ] గేజ్, కంప్రెసర్ క్యాంపర్ లోపల అడుగున కాకుండా చేతికందే చోట ఉన్నాయి
- [ ] టై-డౌన్లు 50 మైళ్ళ తర్వాత మళ్ళీ చూడాలని అలారం పెట్టాను

## 10. క్యాంపర్ దించాక

ఖాళీ ట్రక్కు వెనక టైర్లలో 80 ఉంటే గతుకు మీద వెనక భాగం ఎగురుతుంది, వానలో బ్రేకు వేస్తే జారుతుంది, ట్రెడ్ మధ్యలో అరిగిపోతుంది. కొన్ని మాన్యువళ్ళలో తేలిక బరువుకి వేరే ప్రెషర్ ఇస్తారు, కొన్ని ట్రక్కుల్లో హెచ్చరిక లైటుకి కూడా తేలిక బరువు సెట్టింగ్ ఉంటుంది. మీ మాన్యువల్ ఒప్పుకుంటేనే, అందులో ఇచ్చినంతే తగ్గించండి. ఇవ్వకపోతే స్టిక్కర్ దగ్గరే ఉంచండి.

తగ్గించినవాళ్ళు ఆ సంగతి అందరికీ కనబడేలా రాసి పెట్టాలి. నేను డ్రైవర్ తలుపు లోపల మాస్కింగ్ టేపు ముక్క అంటించాను. క్యాంపర్ దించిన రోజు దాని మీద మార్కర్‌తో "వెనక తగ్గించాను, ఎక్కించేముందు 80" అని తేదీ వేసి రాస్తాను. మళ్ళీ 80 పెట్టి, గేజ్‌తో చూసుకున్నాకే ఆ టేపు పీకుతాను.